గింజల కోసం లోకమంతా తిరిగిన వావిలోవ్

నికొలాయ్ వావిలోవ్ 1887లో మాస్కోలో పుట్టారు. ఆయన నాలుగేళ్ల పిల్లవాడిగా ఉన్నప్పుడు రష్యాలో పంటలు పోయి ఘోరమైన కరువొచ్చింది. పెద్దయ్యాక ఆయన వ్యవసాయమే చదివారు. 1913లో ఇంగ్లండ్ వెళ్లి, జన్యుశాస్త్రానికి ఇంగ్లిష్‌లో పేరు పెట్టిన విలియం బేట్సన్ దగ్గర పనిచేశారు.

1916లో ఇరాన్, పామీర్‌లతో ఆయన యాత్రలు మొదలయ్యాయి. ఆ తర్వాత అఫ్గానిస్తాన్, ఇథియోపియా, చైనా, లాటిన్ అమెరికా దేశాలు తిరిగారు. వీలైనంతవరకు రైతులతో వాళ్ల భాషలోనే మాట్లాడి గింజలు సేకరించేవారు. ఒక పంటలో రకాలు ఎక్కడ ఎక్కువగా ఉంటాయో ఆ పంట అక్కడే పుట్టి ఉంటుందని 1926లో ప్రతిపాదించారు. మామిడి పుట్టిల్లుగా మన దేశాన్నే గుర్తించారు.

రకాలు ఎక్కువుంటే ఏమిటి లాభం? అరటినే చూద్దాం. ఒకప్పుడు విదేశీ మార్కెట్లను ఏలిన గ్రో మిషెల్ అరటిని పిలకలతోనే పెంచేవారు. అందుకే తోటలన్నిటా ఒకే జన్యువులు. పనామా తెగులు ఒక మొక్కను పట్టగలిగితే అన్నిటినీ పట్టగలదు. 1950ల చివరికి ఆ ఎగుమతి తోటలు చాలావరకు పోయాయి.

వావిలోవ్ కాలంలో ఆకు, పువ్వు, కాయ చూసి రకాలను పోల్చేవారు. ఇప్పుడు డీఎన్‌ఏలోని గుర్తులు, అంటే మాలిక్యులర్ మార్కర్లు, ఆ పనికి తోడయ్యాయి. ఆంధ్రలో కలెక్టర్ కాయ, కర్ణాటకలో తోతాపురి, తమిళనాడులో బెంగళూరా ఒకే మామిడి. పేర్లు వేరైనా రకం ఒకటేనా, పేరు ఒకటే అయినా రకాలు వేరా అన్నది ఈ గుర్తులు తేలుస్తాయి.

స్టాలిన్ అండ ఉన్న లైసెంకో జన్యుశాస్త్రాన్నే కొట్టిపారేశాడు. వావిలోవ్ ఆయనకు తలవంచలేదు. 1940 ఆగస్టులో వావిలోవ్‌ను అరెస్టు చేశారు. ఆ మరుసటి ఏడాది జర్మన్ సేనలు లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించాయి. అక్కడి సంస్థలో వావిలోవ్ బృందం కూడబెట్టిన రెండు లక్షలకు పైగా నమూనాలున్నాయి. వరి గింజలను కాచినవారు, వేరుసెనగను కాచినవారు ఆకలితో చనిపోయారు గాని వాటిని ముట్టలేదు. వావిలోవ్ కూడా 1943 జనవరి 26న సరాతోవ్ జైల్లో తిండిలేక శుష్కించి కన్నుమూశారు. 1955లో ఆయన నిర్దోషి అని ప్రభుత్వం ఒప్పుకుంది.

మన బడుల పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష. ఈ సెలవుల్లో మీ ఊరి మామిడి, అరటి రకాల పేర్లను పెద్దలనడిగి రెండు భాషల్లోనూ రాయించండి. అంటు చెట్లే కాదు, టెంక పడి మొలిచిన పేరులేని చెట్లనూ లెక్కలో చేర్చండి. తెగులును తట్టుకునే గుణం ఏ చెట్టులో ఉందో దాన్ని కొట్టేశాక తెలుసుకోలేం.