పేగు వ్యాధిపై గెలిచిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

ఎనిమిది రోజుల వ్యవధిలో ఇద్దరు సోదరులను పేగు వ్యాధికి కోల్పోయిన ఒక తెలుగు యువకుడు, సుమారు పాతికేళ్ల తరువాత అదే వ్యాధికి మందు అందించిన పరిశోధన బృందానికి నాయకుడయ్యారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్‌లో మూడో ప్రయత్నంలో గాని ఉత్తీర్ణులు కాలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక, గాంధీజీ పిలుపు మేరకు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో హాజరై ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఉష్ణమండల స్ప్రూ ఆయన ఇంటిని కుదిపివేసింది. ఆయుర్వేదం గ్రహణి అని వర్ణించిన వ్యాధిని పోలిన ఈ జబ్బులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. తిన్నది ఒంటబట్టదు. ఎడతెగని విరేచనాలు, నాలుక పూత, రక్తహీనత రోగిని క్షీణింపజేస్తాయి. సోదరుల మరణం తరువాత సుబ్బారావుకూ ఆ వ్యాధి సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందులతో ఆయన కోలుకున్నారు. అనంతరం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

1920ల తొలినాళ్లలో ఉన్నత విద్యకై అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీలపై ఆయన కృషి ఆ తరువాతది. అయినా అక్కడ శాశ్వత పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయన బృందం కాలేయంలో దాగిన ఒక విటమిన్‌ను వెదకసాగింది. అతి స్వల్ప పరిమాణంలో ఉండే ఆ పదార్థం ఏ ద్రావణంలో ఎంత ఉన్నదో తెలుసుకొనడం కష్టం. ఆ కొలతకు సాధనమైనది లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా. పాలను పులియబెట్టే జాతికి చెందిన ఈ సూక్ష్మజీవి ఆ విటమిన్‌ను స్వయంగా తయారు చేసుకోలేదు. విటమిన్ అందితే పెరుగుతుంది, అందకపోతే ఆగిపోతుంది. దాని పెరుగుదలే విటమిన్‌కు కొలబద్ద అయింది. అలా దొరికినదే ఫోలిక్ ఆమ్లం. 1945లో దానిని కృత్రిమంగా తయారు చేయగలిగారు. స్ప్రూ రోగులకు ఇవ్వగా రక్తహీనత తగ్గి ఆకలి పుట్టింది. రోగనిరోధక శక్తికి ఆధారమైన తెల్ల రక్తకణాలు వృద్ధి చెందడానికీ ఈ విటమిన్ అవసరం.

స్ప్రూలో మరో చిక్కు ఉన్నది. పెద్దపేగులో ఉండవలసిన బాక్టీరియా చిన్నపేగులో మితిమీరి పెరుగుతుంది. సుబ్బారావు పరిశోధన విభాగానికి సారథిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. అది టెట్రాసైక్లిన్ వర్గపు తొలి మందు. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇవ్వడమే తదుపరి కాలంలో స్ప్రూకు ప్రామాణిక చికిత్స అయింది. సోదరులను బలిగొన్న వ్యాధికి రెండు ఆయుధాలూ ఒకే ప్రయోగశాల నుంచి వెలువడ్డాయి.

నాటికి ప్రోబయోటిక్ అనే మాట వాడుకలో లేదు. మేలు చేసే సజీవ సూక్ష్మజీవులను ప్రోబయోటిక్‌లనీ, వాటికి ఆహారమయ్యే పీచు వంటి పదార్థాలను ప్రీబయోటిక్‌లనీ నేడు పిలుస్తున్నారు. లాక్టోబాసిల్లస్ కేసీ వర్గపు సూక్ష్మజీవులే నేటి పులిసిన పాల పానీయాలలో కనిపిస్తాయి. వాటి ఫలితం సూక్ష్మజీవి రకాన్ని బట్టీ, మోతాదును బట్టీ మారుతుంది. స్ప్రూ వంటి వ్యాధికి అవి చికిత్స కావు. పేగులో ఏ జీవి ఎక్కడ, ఎంత ఉన్నదన్నదే ఆరోగ్యాన్ని నిర్ణయిస్తుందని సుబ్బారావును వెంటాడిన ఆ వ్యాధే చాటుతుంది.

ఆయన అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు, స్వదేశానికీ తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో, 53వ ఏట, న్యూయార్క్‌లో కన్నుమూశారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. నేడు పల్లెల్లో గర్భిణులకు ఇనుముతో కలిపి అందించే మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.