మూగజీవికి మాట ఇచ్చిన అన్నా స్యూయెల్



వార్షికోత్సవ సంచిక అనగానే ఒక మహనీయుని జీవితం రాయాలని అందరికీ ఉంటుంది. అంబేడ్కర్, పూలే, జాషువా గార్ల గురించి మనం చాలాసార్లు చదువుకున్నాము. ఈసారి మేము ఇంగ్లండు దేశపు రచయిత్రి అన్నా స్యూయెల్‌ను ఎంచుకున్నాము. జీవితంలో ఆమె రాసిన పుస్తకం ఒక్కటే. అది యజమానుల చేతుల్లో గుర్రాలు పడే బాధల కథ.

ఆ కథతో మిరప, పత్తి చేల మధ్య పుట్టిన మనకేమి పని అని అనిపించవచ్చు. ఒకప్పుడు గుంటూరు, తెనాలి, ఒంగోలు స్టేషన్ల ముందు జట్కా బండ్లు బారులు తీరి ఉండేవని మన తాతలు చెబుతారు. ఆటోలు వచ్చి జట్కాలు పోయాయి. కానీ పెళ్ళి ఊరేగింపులో బాణసంచా మోతల మధ్య బెదిరిపోయే గుర్రం, ఇటుకలు మోసే గాడిద, మెడ మీద పుండుతోనే కాడి మోసే ఎద్దు పూర్తిగా పోలేదు. అందుకే ఆమె కథ మనకు కూడా కావాలి.

అన్నా 1820 మార్చి 30న ఇంగ్లండులోని యార్మత్ అనే రేవు పట్టణంలో జన్మించింది. తండ్రి ఐజాక్ వ్యాపారంలో నష్టపోయి ఊళ్ళు మారుతూ వచ్చాడు. డబ్బు లేక చిన్నప్పుడు తల్లి మేరీయే ఇంట్లో చదువు చెప్పింది. ఆలస్యంగానైనా బడికి వెళ్ళే అవకాశం వచ్చింది. అయితే పద్నాలుగేళ్ళ వయసులో ఒకరోజు వానలో బడి నుంచి ఇంటికి వస్తూ జారిపడి కాళ్ళ చీలమండలు దెబ్బతీసుకుంది. అది సరిగా నయం కాలేదు. అప్పటినుంచి ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయింది, ఎక్కువ దూరం నడవలేకపోయింది.

ఎక్కడికి వెళ్ళాలన్నా గుర్రపు బండే దిక్కయింది. తన కాళ్ళు చేయలేని పనిని ఒక జంతువు కాళ్ళు చేస్తున్నాయని ఆమెకు ప్రతిరోజూ తెలుస్తూనే ఉంది. తండ్రిని రైల్వే స్టేషన్‌కు తీసుకువెళ్ళేటప్పుడు కొరడా కంటే మాటనే ఎక్కువ నమ్ముకునేదని చెబుతారు. ఆ దారుల్లోనే ఇతరుల గుర్రాల కష్టాలు కూడా చూసింది.

ఆ రోజుల్లో డబ్బున్న వారి బండ్లకు ఒక ఫ్యాషన్ ఉండేది. గుర్రం తల ఠీవిగా పైకి ఉండాలని, తల దించడానికి వీలు లేకుండా ఒక పగ్గాన్ని బిగించి కట్టేవారు. మిట్ట ఎక్కేటప్పుడు గుర్రం తల ముందుకు వంచి తన బరువంతా వేసి లాగాలి. ఆ పగ్గం ఉంటే అలా వంచలేదు. ఊపిరి ఆడదు, మెడ, నడుము దెబ్బతింటాయి. చూసేవారికి అందం, మోసేదానికి నరకం.

1871లో అన్నా పుస్తకం మొదలుపెట్టింది. అప్పటికే జబ్బు ముదిరింది. ఓపిక ఉన్నప్పుడు కాగితపు ముక్కల మీద పెన్సిలుతో రాసేది, తల్లి వాటిని శుభ్రంగా తిరగరాసేది. అలా ఆరేళ్ళు పట్టింది. 1877 నవంబరులో ‘బ్లాక్ బ్యూటీ’ పేరుతో అచ్చయింది. ప్రచురణకర్తలు ఆమెకు ఇచ్చినది 40 పౌండ్లు మాత్రమే.

అందులో కథ చెప్పేది గుర్రమే. మంచి యజమాని దగ్గర పెరిగిన ఆ నల్ల గుర్రం చేతులు మారుతూ పోతుంది. తాగిన సాహిణి లాడం వదులైన సంగతి పట్టించుకోకుండా పరుగు పెట్టించడంతో పడి మోకాళ్ళు చీరుకుంటుంది. లండన్‌లో అద్దె బండికి వస్తుంది. అక్కడ జెర్రీ అనే పేద బండివాడు దానిని కన్నబిడ్డలా చూస్తాడు. దాని నేస్తం జింజర్ మాత్రం చాకిరీతో చిక్కి శల్యమై చనిపోతుంది.

మాకు అన్నిటికంటే మనసులో నిలిచినది సామ్ అనే బండివాని కథ. అతడు గుర్రాన్ని అలుపు లేకుండా తోలుతాడు. మరి అతడు దుర్మార్గుడా? బండికీ గుర్రాలకూ రోజుకు 18 షిల్లింగులు అద్దె కట్టాలి. ఆ తరువాత మిగిలినదే పెళ్ళాం బిడ్డలకు. పైనున్న యజమాని సామ్‌ను పిండుతాడు, సామ్ గుర్రాన్ని పిండుతాడు. దెబ్బ పైనుంచి కిందికి దిగుతూ చివరికి నోరు లేని దాని వీపు మీద పడుతుంది. అన్నా సామ్ కష్టాన్ని దాచలేదు, అలాగని గుర్రం నొప్పిని కూడా తక్కువ చేయలేదు. మిరప టిక్కీలు మోసే, బండి తోలే ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. మన కష్టం నిజమే. అయినా దానిని ఇంకొక ప్రాణి మీద తీర్చుకునే హక్కు మనకు లేదు.

పుస్తకం వచ్చిన ఐదు నెలలకే, 1878 ఏప్రిల్ 25న అన్నా కన్నుమూసింది. శవయాత్ర బండి గుర్రాలకు కూడా ఆ బిగువు పగ్గాలే కట్టి ఉండడం చూసి తల్లి మేరీ వాటిని విప్పించింది. కూతురికి అంతకంటే గొప్ప నివాళి ఏముంటుంది! 1890లో అమెరికాలో జార్జ్ ఏంజెల్ అనే జంతు ప్రేమికుడు ఆ పుస్తకాన్ని అచ్చువేయించి, బండి తోలేవారికి, గుర్రపుశాలల పనివారికి ఉచితంగా పంచిపెట్టాడు. క్రమంగా ఆ పగ్గం వాడకం తగ్గిపోయింది.

మన దేశంలో 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. 1965 నియమాల ప్రకారం బండి లాగే పశువుతో రోజుకు 9 గంటలకు మించి, ఆపకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు అసలు పని చేయించకూడదు. మేకులు దిగగొట్టిన కర్ర వాడకూడదు. రెంటచింతల ఎండ తెలిసిన మనకు ఈ నియమం విలువ తెలుసు. కానీ ఇది ఎంతమంది బండివాళ్ళకు తెలుసు?

తెలిసిన వారు చెప్పాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ మాట మన నాన్నలకు, బాబాయిలకు మర్యాదగా చెబుదాము. పుండు ఉన్న మెడ మీద కాడి వేయనీయకుండా మండలంలోని పశువుల ఆసుపత్రికి తోలుకువెళదాము. వేసవిలో ఇంటి ముందు ఒక తొట్టి నీళ్ళు ఉంచుదాము. నడవలేని ఒక స్త్రీ మంచం మీద నుంచే ఇంత చేయగలిగింది. రెండు కాళ్ళూ ఉన్న మనం ఈ మాత్రం చేయలేమా?