'అ' అక్షరం దగ్గర ఆగిన మహాయత్నం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఏటా ఒక మహనీయుని జీవితం వేయడం ఆనవాయితీ. ఈసారి మేము కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారిని ఎంచుకున్నాం. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఆయన 1877లో అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే తండ్రి పోయారు. తర్వాత నాగపూరులో అక్క భండారు అచ్చమాంబ గారి ఇంట ఉండి చదువుకున్నారు. సొంతూరు వదిలి వచ్చి చదువుకునే మనకు ఆ పరిస్థితి ఎవరూ వివరించనక్కరలేదు. తమ్ముడి చదువు చూసి అక్క కూడా చదువు నేర్చి రచయిత్రి అయ్యారు.

ఎం.ఎ. పూర్తిచేసిన లక్ష్మణరావు గారు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం స్థాపనలో పాలుపంచుకున్నారు. 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మండలి పద్ధతి మాకు బాగా నచ్చింది. ఒక విషయానికి ఒక పుస్తకం, దానికొక రచయిత. ఒకటి అచ్చయ్యాక ఇంకొకటి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్ర అలా వచ్చిందే. మధ్యలో ఆగినా అప్పటికి వచ్చిన పుస్తకాలు పాఠకుడి చేతిలో ఉండేవి.

తర్వాత ఆయన తలపెట్టింది 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. సమస్త శాస్త్రాలు, చరిత్ర, భాష అన్నీ అకారాది క్రమంలో. ఒక్క 'అ' కిందే ఎన్ని శాస్త్రాల మాటలు వచ్చిపడతాయో నిఘంటువు తెరిస్తే తెలుస్తుంది. శాస్త్ర పదాలు తెలుగులో ఇంకా స్థిరపడని రోజులవి. వ్యాసం కంటే ముందు మాట వెతుక్కోవాలి. ఏ వ్యాసాన్నీ పైపైన రాసి వదలడం ఆయనకు ఇష్టం లేదు. చాలా వ్యాసాలు తానే రాశారు. మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి వంటి పండితులు తోడున్నా, మూడు సంపుటాలు వచ్చేసరికి 'అ' దాటలేదు. పని ఆగింది. మళ్ళీ మొదలుపెట్టారు గాని 1923 జూలైలో మద్రాసులో కన్నుమూశారు. వయసు 46 ఏళ్లే.

ఆయన శ్రద్ధను తప్పుపట్టే అర్హత మాకు లేదు. కానీ వ్యాసం ఇంత పొడవు దాటరాదని ముందే గీత గీసి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్ళీ అందుకున్నారు. అదీ అసంపూర్తిగానే మిగిలింది. స్వాతంత్ర్యం వచ్చాక తెలుగు భాషా సమితి అక్షరక్రమం పక్కనపెట్టి, విషయానికో సంపుటం చొప్పున విజ్ఞాన సర్వస్వం తెచ్చింది. ఏ సంపుటానికి ఆ సంపుటం పూర్తి.

ఇక మా సంగతి. హాస్టల్ పెట్టినప్పటి నుండి చదివిన అందరి వివరాలు ఈ సంచికలో వేస్తామని జూన్‌లో గొప్పగా ప్రకటించాం. డిసెంబరుకు మొదటి మూడు బ్యాచ్‌లే తేలాయి, అందులోనూ సగం చిరునామాలు లేవు. లక్ష్మణరావు గారి జీవితం చదివాక సంపాదకవర్గం కూర్చుని, ఈ ఏడు మొదటి బ్యాచ్ ఒక్కటే పూర్తిగా వేద్దామని తీర్మానించింది. ఆ వివరాలు తర్వాతి పేజీలలో ఉన్నాయి. రెండో బ్యాచ్ అన్నలు తమ వివరాలు వచ్చే జూన్ లోపు పంపగలరు.