తుపాకీ పట్టని యోధుడు ఫిలిప్ నోయెల్ బేకర్

ఒలింపిక్ పతకం, నోబెల్ బహుమతి రెండూ అందుకున్న ఒకే ఒక్క వ్యక్తి ఎవరో మీకు తెలుసా? ఆయనే ఇంగ్లండుకు చెందిన ఫిలిప్ నోయెల్ బేకర్.

ఆయన 1889 నవంబర్ 1న లండన్‌లో జన్మించారు. వారిది కలిగిన కుటుంబం. యుద్ధం చేయడం తప్పని నమ్మే క్వేకర్ క్రైస్తవులు వారు. కేంబ్రిడ్జిలో చదువుతూనే ఫిలిప్ పరుగులో పేరు తెచ్చుకున్నారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో 1500 మీటర్ల ఫైనల్ పరుగెత్తారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరని యువకులను పిరికివాళ్లని హేళన చేసే రోజులవి. 24 ఏళ్ల ఫిలిప్ తుపాకీ పట్టలేదు, అలాగని ఇంట్లోనూ కూర్చోలేదు. తనలాంటి యువకులను కూడగట్టి అంబులెన్స్ దళం తయారుచేశారు. ప్రథమ చికిత్స, స్ట్రెచర్ మోయడం నేర్చుకొని సుమారు 40 మంది ఫ్రాన్స్‌లోని డంకర్క్ రేవుకు చేరారు. అక్కడ రైల్వే షెడ్లలో గాయపడిన సైనికులు గడ్డి మీద పడి మూలుగుతున్నారు. ఆ కుర్రాళ్లు వెంటనే గాయాలు కడిగి కట్లు కట్టడం మొదలుపెట్టారు. తర్వాత 1918 వరకు ఫిలిప్ ఇటలీ యుద్ధరంగంలో ఇదే సేవ చేశారు. ఇటలీ ఆయనకు సాహస పతకం ఇచ్చింది.

యువకుడిగా గాయాలకు కట్లు కట్టిన ఆయన, ఆ గాయాలే లేని లోకం కోసం మిగతా జీవితమంతా శ్రమించారు. 1919 పారిస్ శాంతి సమావేశంలో, ఆపైన నానాజాతి సమితిలో పనిచేశారు. యుద్ధఖైదీలను, శరణార్థులను ఆదుకున్న నాన్సెన్‌కు అండగా నిలిచారు. ఈ పనుల మధ్యనే 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో రజత పతకం గెలిచారు!

అన్నీ విజయాలే కావు. 1932లో జెనీవాలో మొదలైన నిరాయుధీకరణ సమావేశం కోసం ఎంతో పాటుపడ్డారు. అది విఫలమైంది. 1939లో మళ్లీ ప్రపంచ యుద్ధం వచ్చింది. అయినా ఆయన పట్టు వదలలేదు. ఐక్యరాజ్యసమితి రూపకల్పనలో పాల్గొన్నారు. మనకు స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే బ్రిటన్ కామన్వెల్త్ సంబంధాల మంత్రి అయ్యారు. 70 ఏళ్ల వయసులో, 1959లో, నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు. 1982 అక్టోబర్ 8న 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయనకున్న డబ్బు, కేంబ్రిడ్జి చదువు మనకు లేవు. విదేశాలకు వెళ్లి సేవ చేసే అవకాశం మనలో ఎందరికి వస్తుందో చెప్పలేం. కానీ హాస్టల్లో రాత్రివేళ జ్వరంతో వణుకుతున్న తమ్ముడికి తడిగుడ్డ వేసి, తెల్లారేదాకా తోడు కూర్చోవడానికి అవేవీ అక్కర్లేదు. ఫిలిప్ జీవితం కూడా అలాంటి చిన్న పనితోనే మలుపు తిరిగింది.