సముద్రం దాటిన సర్కస్: కోడి రామ్మూర్తి నాయుడు



శ్రీకాకుళం స్టేడియానికి పెట్టిన పేరు మీరు చదివే ఉంటారు: కోడి రామ్మూర్తి. గుండెల మీదికి ఏనుగును ఎక్కించుకున్నవాడని, ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంపినవాడని పిల్లలకు చెబుతుంటాం. ఆయన సర్కస్ కంపెనీ నడిపిన వ్యాపారి అని మాత్రం అంతగా చెప్పుకోం. మీ అబ్బాయినో అమ్మాయినో పైచదువులకు, ఉద్యోగానికి విదేశం పంపే ఆలోచన ఉంటే, ఆయన జీవితంలోని ఆ కోణం మీకు బాగా ఉపయోగపడుతుంది.

రామ్మూర్తి నాయుడు పుట్టిన ఊరు వీరఘట్టం. తల్లి చిన్నప్పుడే పోయింది. చదువు మీద కంటే తాలింఖానా మీద మనసు ఎక్కువ. విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే చిన్నాన్న దగ్గర పెరుగుతూ కుస్తీ నేర్చాడు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పూర్తిచేసి, విజయనగరంలో తాను చదివిన బడిలోనే డ్రిల్లు మాస్టారయ్యాడు. జీతం రాళ్ళతో స్థిరపడిపోవచ్చు. కానీ మిత్రుడు పొట్టి పంతులుతో కలిసి సర్కస్ పెట్టాడు.

సర్కస్ అంటే బలం ఒక్కటే చాలదు. డేరా, జంతువులు, పనివాళ్ళ జీతాలు, ప్రతి ఊళ్ళో స్థలం, అనుమతి అన్నీ చూసుకోవాలి. ఆ అనుభవంతోనే దేశమంతా తిరిగాడు. ప్రజలు ఆయనను కలియుగ భీముడన్నారు. మదన్ మోహన్ మాలవీయ ప్రోత్సాహంతో విదేశాలకు బయలుదేరాడు.

అప్పట్లో మన ఉత్తరాంధ్ర కూలీలు ఓడెక్కి రంగూన్ వెళ్ళేవారు. బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అది వేరే దేశం కింద లెక్క కాదు. మన దేశంలో పాస్‌పోర్టు చట్టం 1920లో గానీ రాలేదు. కాగితాల పని తక్కువే అయినా, కొత్త చోట మనుషులను అర్థం చేసుకునే పని మాత్రం ఇప్పటిలాగే ఉండేది. రంగూన్‌లో ఆయన పేరు చూసి ఓర్వలేనివారు ప్రాణాలకే ముప్పు తలపెట్టారని చెబుతారు.

లండన్‌లో 5వ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన ప్రదర్శన చూసి మెచ్చుకున్నారు. ఇండియన్ హెర్క్యులస్ అన్న బిరుదు దక్కింది. అంత గౌరవం దక్కినా ఆయన తన శాకాహారాన్ని, ప్రాణాయామాన్ని వదల్లేదు.

స్పెయిన్ ముచ్చట మన ఇళ్ళలో ఎక్కువగా చెప్పుకునేది. అక్కడి ఎద్దుల పోటీకి పిలిస్తే, ఆ ఆటలో ఏ అనుభవమూ లేకుండానే ఒప్పుకుని బరిలోకి దిగాడట. మీదికొచ్చిన ఎద్దును కొమ్ములు పట్టి పడగొట్టాడట. వింటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ తల్లిదండ్రులుగా ఒక్క క్షణం ఆలోచించండి. నియమాలు తెలియని ఆటలోకి దిగి నెగ్గుకొచ్చింది కోట్ల మందిలో ఒక్కడికుండే బలం వల్ల. మన పిల్లలకు ఆ బలం ఉండదు. వాళ్ళను కాపాడేది ముందుగా తెలుసుకోవడమే. వీసా మీద ఎన్ని గంటలు పని చేయొచ్చో, అద్దె ఒప్పందంలో ఏముందో, అక్కడివాళ్ళు దేన్ని మర్యాద అనుకుంటారో తెలియాలి.

రామ్మూర్తి లక్షలు సంపాదించాడు, దానధర్మాలకు, జాతీయోద్యమానికి చేతికి ఎముక లేకుండా ఇచ్చాడు. చివరి రోజులు ఒడిశాలోని బలాంగీర్ ప్రాంతంలో గడిచాయి. పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చింది. 1942 జనవరిలో కన్నుమూశాడు.

ఈ ఆదివారం విశాఖ వెళ్తే ఆర్.కె. బీచ్‌లో ఆయన విగ్రహం దగ్గర పిల్లలతో కాసేపు ఆగండి. ఏనుగు కథ ఎలాగూ చెబుతారు. సర్కస్ కథ కూడా చెప్పండి. తర్వాత ఒక ప్రశ్న అడగండి: నువ్వు వెళ్ళాలనుకునే దేశం గురించి నీకు తెలిసిన మూడు నియమాలు చెప్పు. జవాబు రాకపోతే కోప్పడకండి. ఇంటికొచ్చాక ఇద్దరూ కలిసి వెతకండి.