మందు ఒక ఎత్తు, తోడు ఒక ఎత్తు



దువ్వాడ స్టేషన్‌లో రైలు దిగి, చేతిలో ఫైలు పట్టుకొని, అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికి ఆటో మాట్లాడుకునే కుటుంబాలను మనం చూస్తూనే ఉంటాం. హోమీ భాభా పేరుతో టాటా మెమోరియల్ వారు నడిపే ఆ ఆసుపత్రి వచ్చాక, క్యాన్సర్ అనే మాట మన సంఘాలకు దూరపు మాట కాకుండా పోయింది. ఆ ఫైళ్ళలో కొన్నింటిలో మెథోట్రెక్సేట్ అనే మందు పేరు ఉంటుంది. ఆ మందు వెనుక ఉన్నది మన గోదావరి జిల్లాల మనిషి, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన క్రైస్తవుడు కాడు. యౌవనంలో రామకృష్ణ మఠంలో సన్యాసిగా చేరాలని ఆశించి, వైద్యం చదివితే మేలని అక్కడివారు చెప్పగా ఆ దారి పట్టినవాడు. అయినా మంచి వైద్యం అంటే ఏమిటని అడిగే ప్రతి విశ్వాసీ ఆయన జీవితాన్ని తెలుసుకోవలసి ఉంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి చిన్న రెవెన్యూ ఉద్యోగి. అనారోగ్యం వల్ల ముందే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరితే, తల్లి వెంకమ్మ దారిలోనే పట్టి వెనక్కి తెచ్చిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. తండ్రి పోయాక చదువు ఆగకుండా చూసింది ఆ తల్లి పట్టుదలే. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. ఆ తరువాత ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే వ్యాధి, అంటే తిన్నది ఒంటికి పట్టక విరేచనాలతో మనిషి క్షీణించిపోయే జబ్బు, ఇద్దరు అన్నదమ్ములను రోజుల తేడాతో తీసుకుపోయింది. వైద్యం చదివిన తమ్ముడి చేతిలో దానికి మందు లేదు. ఆ నిస్సహాయతే ఆయనను సముద్రం దాటించింది. మామగారి సాయంతో 1922 అక్టోబరులో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధుల చదువులో చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. తిరిగి వస్తానని వెళ్ళినవాడు మళ్ళీ ఈ గడ్డ తొక్కలేదు.

అక్కడ ఆయన పట్టాకు డాక్టరుగా పని దొరకలేదు. పొట్టకూటికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారని ఆయన జీవితం రాసినవారు చెబుతారు. పగలు ప్రయోగశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. మన కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. అనే పదార్థాన్ని గుర్తించిన తొలివారిలో ఆ ఇద్దరూ ఉన్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లోని లెడర్లే ప్రయోగశాలలకు వెళ్ళి, పరిశోధనకు నాయకత్వం వహించారు. మన కోస్తా జిల్లాల్లో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ పంచిన బోదకాలు మాత్ర ఆయన బృందం నుండి వచ్చిందే. అన్నదమ్ములను మింగిన స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆ బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఇంటి దుఃఖానికి జవాబు దొరికేసరికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ పని అక్కడితో ఆగలేదు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బ్లడ్ క్యాన్సర్ పిల్లలను చూస్తున్నాడు. ఆ రోజుల్లో ఆ జబ్బు వచ్చిన బిడ్డ వారాల్లో, మహా అయితే నెలల్లో చనిపోయేది. ఫోలిక్ ఆమ్లపు కుటుంబానికి చెందిన పదార్థాలు ఇస్తే వ్యాధి ఇంకా వేగంగా పెరుగుతున్నట్టు ఫార్బర్‌కు కనిపించింది. అయితే ఆ విటమిన్‌ను అడ్డుకొనే పదార్థం ఇస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో ఆగిపోవా అని ఆలోచించాడు. అలాంటి పదార్థాలను సుబ్బారావు బృందమే తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దానికి తోబుట్టువు వంటిదే నేటి మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. పదహారు మంది పిల్లల్లో పది మందికి వ్యాధి తగ్గుముఖం పట్టింది. మంచం పట్టిన పిల్లలు లేచి ఆడుకున్నారు. కానీ అది కొంతకాలమే. వ్యాధి తిరిగి వచ్చింది.

రెండు నెలల తరువాత, ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో న్యూయార్క్‌లో మరణించారు. వయసు 53. అదే మందుతో ఒక రకం క్యాన్సర్ పూర్తిగా నయమైందన్న వార్త 1956లో గాని రాలేదు. తల్లి గర్భపు మాయ నుండి పుట్టే ఆ క్యాన్సర్, కీమో మందుతో నయమైన తొలి గడ్డ క్యాన్సర్. నేడు సంపన్న దేశాల్లో పిల్లలకు ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ పదింట తొమ్మిది మందికి దాకా నయమవుతోంది. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇంకా ఉంది. ఆ ఫలితాన్ని ఆయన కళ్ళతో చూడలేదు. మన తపాలా శాఖ 1995లో ఆయన శతజయంతికి ఒక బిళ్ళ విడుదల చేసింది.

ఇక మనకు సంబంధించిన మాటకు వద్దాం. మందు దొరికింది, కానీ కొన్ని నెలలే ఇచ్చింది. ఆ నెలల్లో ఆ పిల్లలకు, వారి తల్లిదండ్రులకు ఏమి చేయాలి? ఫార్బర్ ఇచ్చిన జవాబు వైద్యచరిత్రలో నిలిచిపోయింది. బిడ్డకు మందు ఇచ్చే డాక్టరు, తిండి సంగతి చూసేవారు, ఇంటి ఇబ్బందులు వినేవారు, మనసుకు ధైర్యం చెప్పేవారు అందరూ ఒకే చోట, ఒకే కుటుంబం చుట్టూ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. కుటుంబం ఒక్కో గది తలుపు తట్టుకుంటూ తిరగకూడదన్నది ఆయన పద్ధతి.

మంచి క్యాన్సర్ వైద్యం ఏదని డాక్టరును అడిగితే, ముక్క పరీక్షలో రోగాన్ని సరిగా తేల్చడం, ఆలస్యం కాకుండా ఆపరేషనో కీమోనో కరెంటో మొదలుపెట్టడం, సరైన మోతాదు, నిపుణులందరూ కూర్చొని తీసుకున్న నిర్ణయం అని చెబుతారు. రోగిని అడిగితే, నా జబ్బేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి, నొప్పి అంటే నమ్మండి, రేపు ఎక్కడికి రావాలో ఒకరు చెప్పండి, నన్ను మనిషిగా చూడండి అంటాడు. ఈ రెండు జాబితాలు వేరువేరుగా కనిపిస్తాయి గాని, ఒకటి లేకుండా రెండోది నిలవదు.

మెథోట్రెక్సేట్ మాత్రనే చూడండి. బ్లడ్ క్యాన్సర్ కొనసాగింపు చికిత్సలోనూ, కీళ్ళవాతంలోనూ దానిని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారు లోకంలో ఉన్నారు. సుబ్బారావు బృందం శ్రమ అంతా ఆ మాత్రలో ఉన్నా, ఏ రోజు వేసుకోవాలో ఆ తల్లికి ఎవరూ నిదానంగా చెప్పకపోతే అదే విషమవుతుంది. అంటే వివరించి చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు, అది చికిత్సలో భాగం. అలాగే బ్లడ్ క్యాన్సర్ బిడ్డకు చికిత్స రెండేళ్ళకు పైగా సాగుతుంది. బిడ్డ తేరుకోగానే కూలి పోతుందనో, ఛార్జీలు లేవనో మధ్యలో మానేసే కుటుంబాలు పేద దేశాల్లో ఎన్నో. అక్కడ ఓడిపోయింది మందు కాదు. తోడు లేకపోవడం వల్ల ఓటమి వచ్చింది.

ఇక్కడే సంఘానికి పని ఉంది. మంచి సమరయుని ఉపమానంలో ఆ మనిషి నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడంతో ఆగలేదు. తన వాహనం మీద ఎక్కించాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చు పెట్టుకున్నాడు, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. మన పరామర్శలు చాలాసార్లు నూనె దగ్గరే, అంటే ఒక పాట, ఒక ప్రార్థన దగ్గరే ఆగిపోతున్నాయి. ప్రార్థన చేయాలి. దానితోపాటు ఆసుపత్రి తేదీని గుర్తుంచుకొని వెంట వెళ్ళే ఒకరిని సంఘం నియమించవచ్చు. రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వగల యౌవనుల పేర్లు రాసి ఉంచుకోవచ్చు. దూరం నుండి వచ్చిన కుటుంబానికి ఒక పూట భోజనం, ఒక రాత్రి బస చూడవచ్చు. డాక్టరు చెప్పింది ఇంట్లో అందరికీ అర్థమైందా అని అడగవచ్చు.

చేయకూడనివి కూడా ఉన్నాయి. ఏ పాపానికి ఈ జబ్బు వచ్చిందని రోగి మంచం పక్కన లెక్కలు తీయకూడదు. స్వస్థత కూటంలో ప్రార్థన జరిగింది గనుక మందులు ఆపేయమని ఏ కాపరీ చెప్పకూడదు. ఆ మాట విని ఆగిపోయిన చికిత్సకు జవాబు చెప్పవలసింది మనమే. రోగికి తన జబ్బు పేరే తెలియకుండా దాచిపెట్టి, చుట్టూ ఉన్నవారందరం గుసగుసలాడటం ప్రేమ అనిపించుకోదు. తెలుసుకోవాలని కోరే రోగికి నిజం మెల్లగా, మంచిమాటలతో చెప్పించాలి. నయం కాదని తేలినప్పుడు కూడా నొప్పి తగ్గించే వైద్యం ఉందని, దానిని అడగడం విశ్వాసలోపం కాదని చెప్పాలి.

భీమవరం నుండి వెళ్ళిన ఆ మనిషి తన వంతు పని చేసి వెళ్ళిపోయాడు. తన మందు ఎవరికి అందుతుందో, వారి ముఖాలు ఎలా ఉంటాయో ఆయనకు తెలియదు. మనకు ఆ ముఖాలు తెలుసు. ప్రతి ఆదివారం మన పక్క వరుసలోనే, తలకు చున్నీ చుట్టుకొని కూర్చుంటున్నారు. వారి ఫైలు ఒకసారి చేతిలోకి తీసుకొని, ఈసారి ఎప్పుడు వెళ్ళాలి, ఎవరు వెంట వస్తున్నారు అని అడిగే మనసును ప్రభువు మనకు అనుగ్రహించును గాక.