చక్రాల కుర్చీలో డాక్టరమ్మ

ఏటా మన సంఘాల నుండి కొందరు పిల్లలు వైద్య సంబంధమైన కోర్సుల్లో చేరుతుంటారు. నర్సింగ్, ఫిజియోథెరపీ మనకు తెలిసినవే. ఆక్యుపేషనల్ థెరపీ అంటే మాత్రం అదేమి చదువని తల్లిదండ్రులే అడుగుతుంటారు. పక్షవాతం వచ్చినవారికి, వెన్నుపూస దెబ్బతిన్నవారికి, చేతుల్లో పట్టు పోయినవారికి మళ్లీ తమంతట తాము అన్నం తినడం, బట్టలు వేసుకోవడం, స్నానం చేయడం, పనికి వెళ్లడం నేర్పే వృత్తి అది. అందులో చేరిన విద్యార్థి ముందుగా అలవరచుకోవలసింది, రోగికి హాని కలగకుండా అతనిని పట్టుకోవడం. ఆ పాఠాన్ని తన శరీరం మీదే నేర్చుకున్న ఒక సహోదరిని ఈ వారం జ్ఞాపకం చేసుకుందాం.

డాక్టర్ మేరీ వర్గీస్ 1925లో కొచ్చిన్‌లో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. మన పెద్దలు రాయవెల్లూరు అని పిలిచే వేలూరులో, క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో వైద్యం చదివారు. స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావాలన్నది ఆమె ఆశ. 1954 జనవరిలో తోటి వైద్యులతో కలిసి విహారానికి వెళ్తుండగా వారి బండి బోల్తా పడింది. ఆమె ముఖానికి గాయాలయ్యాయి. వెన్నుపాము దెబ్బతిని, కాళ్లలో కదలికా స్పర్శా పోయాయి. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు.

స్పర్శ పోవడమంటే ఏమిటో మనం సరిగా ఆలోచించం. ఆరాధనలో గంటసేపు కూర్చుంటే మనకు తెలియకుండానే నాలుగైదుసార్లు ఇటూ అటూ సర్దుకుంటాం. ఒళ్లు నొప్పి పెట్టి మనల్ని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక లేని ఒంటికి దుప్పటి మడత కూడా ప్రమాదమే. ఒకే వైపు పడుకోబెట్టి వదిలేస్తే మడమల దగ్గర, తుంటి దగ్గర, నడుము కింద పుండు పడుతుంది. అది ఎముక దాకా పోయినా రోగికి తెలియదు. అందుకే సుమారు రెండు గంటలకోసారి మరో వైపుకు తిప్పాలి. తిప్పేటప్పుడు పరుపు మీద ఈడ్చకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. ఎత్తి జరపాలి. రోజూ చర్మాన్ని కళ్లతో చూడాలి. వైద్యురాలైన మేరీ నెలల తరబడి ఇలా ఇతరుల చేతుల మీద ఆధారపడ్డారు.

అప్పుడు వేలూరులో కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్స చేస్తున్న డాక్టర్ పాల్ బ్రాండ్ ఆమెకు ఒక దారి చూపారు. చేతి ఆపరేషన్లు కూర్చుని చేయవచ్చు. మేరీ చక్రాల కుర్చీలోనే ఆపరేషన్ బల్ల దగ్గరకు వచ్చి, వంకరపోయిన వేళ్లను సరిచేసే పని నేర్చుకున్నారు. గమనించండి, ఆ రోగుల చేతులదీ ఆమె కాళ్లదీ ఒకటే ఇబ్బంది. వేళ్లు రోగం వల్ల వాటంతటవే రాలిపోవడం లేదనీ, వేడి గిన్నె కాలినా ముల్లు గుచ్చుకున్నా తెలియక గాయాలై పాడవుతున్నాయనీ బ్రాండ్ బృందం గుర్తించింది. కనుక ఆపరేషన్‌తో పని అయిపోదు. చోటు మార్చిన కండరానికి కొత్త పని నేర్పాలి, నొప్పి తెలియని చేతిని కంటితో కాపాడుకోవడం అలవాటు చేయాలి. అది థెరపిస్టు పని.

తర్వాత ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు వెళ్లి, ఒకరి సాయం లేకుండా మంచం మీద నుండి కుర్చీలోకి మారడం వంటి విద్యలు తానే రోగిగా అభ్యసించారు. అక్కడి నుండి న్యూయార్క్ వెళ్లి, పునరావాస వైద్యంలో పేరుపొందిన డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో శిక్షణ పొందారు. తిరిగి వచ్చి వేలూరులో ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1966లో బాగాయంలో పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. పక్షవాతంతో ఉన్న ఒక పెద్దాయనను మందిరానికి తీసుకురావాలని మాలో ముగ్గురం ప్రేమతోనే వెళ్లాం. కుర్చీ బ్రేకులు వేయలేదు, కాళ్లుంచే పలకలు పక్కకు తీయలేదు, ఆయనతో ఒక్క మాటైనా చెప్పలేదు. పడిపోయిన వైపు చేతిని పట్టి లాగాం. కుర్చీ వెనక్కి జారింది. ఆయన కింద పడలేదు గానీ, భుజం నొప్పితో చాలా రోజులు బాధపడ్డారు. బలహీనమైన చేతిని అలా లాగితే భుజం కీలు దెబ్బతింటుందని తర్వాత ఒక ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థిని మాకు చెప్పింది. కుర్చీని మంచి వైపున ఆనించి పెట్టాలి, ఏం చేయబోతున్నామో ముందు చెప్పాలి, నడుము దగ్గర పట్టుకోవాలి, ఎత్తేవారు నడుము గాక మోకాళ్లు వంచాలి. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయేమో. మేము తలలు వంచుకుని విన్నాం.

మేరీ వర్గీస్ 1986లో ప్రభువు నందు నిద్రించారు. బాగాయంలోని కేంద్రానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. చిత్తూరు దాటితే వేలూరు ఎంతో దూరం కాదు, మన తెలుగు కుటుంబాలు ఎప్పటినుండో అక్కడికి వైద్యానికి వెళ్తూనే ఉన్నాయి. మన వీధిలోనో మన సంఘంలోనో మంచాన పడినవారు ఉంటే, ఆ ఇంట్లో రాత్రి పూట లేచి వారిని మరో వైపుకు తిప్పుతున్నది ఎవరో, వారికి ఆ పని ఎవరైనా నేర్పారో లేదో ఈసారి వెళ్లినప్పుడు అడగండి.